గోదారి ఒడ్డున మొహమాటం వద్దు

పిల్లలకు సెలవులిచ్చారంటే చాలు, ఇంటింటా ఒకటే పాట. "అమ్మా, ఎక్కడికైనా పోదాం!" మా ఖమ్మం వాళ్ళకు "ఎక్కడికైనా" అంటే ముందు గుర్తొచ్చేది భద్రాచలమే. రాములవారి దర్శనం, పర్ణశాల, ఓపికుంటే ఆ మర్నాడు పాపికొండల లాంచీ షికారు. సినిమాల్లో ఆ గోదారినీ, ఆ కొండల్నీ చూసి "ఒక్కసారైనా వెళ్ళాలి" అనుకోని ఇల్లాలు ఉంటుందా చెప్పండి? పెద్దవాళ్ళమే వెళితే గొడవ లేదు. చంటివాళ్ళనూ బడి పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు మాత్రం ఆ సరదా వెనకాల తల్లులకు బోలెడంత పని, ఇంకా బోలెడంత బాధ్యత ఉంటాయి. ఆ సంగతులే మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడూ మరదలూ పిల్లలతో వచ్చారు. మా పాపకు తొమ్మిదేళ్ళు, తమ్ముడి కొడుక్కి ఆరు, కూతురికి నాలుగు. పాపికొండల మాట ఎత్తగానే మా అత్తమ్మ కాదంది. "ఆ కచ్చులూరు సంగతి మర్చిపోయారా? ఆడపిల్లల్ని వేసుకుని నీళ్ళ మీదికా?" అని కేకలేసింది. ఆమె భయంలో తప్పేమీ లేదు. 2019 సెప్టెంబరు 15న, ఆదివారం నాడు, దేవీపట్నం దగ్గర కచ్చులూరు వద్ద పాపికొండలకు వెళుతున్న లాంచీ మునిగింది. అప్పుడు గోదావరి వరద మీదుంది. బతికి బయటపడింది ఇరవై ఆరు మందే. మునిగిన లాంచీని అక్టోబరు 22న గానీ పైకి తీయలేకపోయారు. ఆ నెల రోజులూ మనమంతా టీవీల ముందు కూర్చుని కళ్ళు తుడుచుకున్నవాళ్ళమే కదా!

ఆ తర్వాత చాలాకాలం లాంచీలు ఆగిపోయాయి. 2021లో మళ్ళీ మొదలయ్యాయి. బయలుదేరే చోట కంట్రోల్ రూములు పెట్టారు, ఎక్కేవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు, లైఫ్ జాకెట్ లేనిదే లాంచీ కదలకూడదన్నారు. ఇవన్నీ మావారు అత్తమ్మకు వివరంగా చెప్పారు. ఆవిడ అంతా విని, "రూలుంటే సరిపోయిందా, చూసుకునేవాళ్ళుండాలి గానీ" అంది. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. చదువుకోకపోయినా పెద్దవాళ్ళు ఒక్క మాటలో ఎంత చెప్పేస్తారో చూడండి.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం మూడు గంటల పైచిలుకు దారి. ఆ సాయంత్రం దర్శనం చేసుకున్నాం. ఈ గుడి కట్టించిన కంచర్ల గోపన్నే మన భక్త రామదాసని పిల్లలకు కథ చెబితే, మా మేనల్లుడు "జైల్లో అన్నం పెట్టేవారా అత్తా?" అని అడిగాడు. పిల్లల ప్రశ్నలు ఎక్కడికి పోయినా అన్నం దగ్గరికే వస్తాయి!

మర్నాడు పొద్దున్నే వ్యానులో బయలుదేరాం. భద్రాచలం దాటగానే అడవి మొదలవుతుంది. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం మీదుగా, వి.ఆర్.పురం మండలంలోని పోచవరం దాకా పోవాలి. ఈ కూనవరం, వి.ఆర్.పురం, అవతలి ఒడ్డున వేలేరుపాడు అన్నీ 2014 దాకా మా ఖమ్మం జిల్లావే. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. పటం మీద గీతలు మారాయి గానీ, ఆ దారిలో టేకు చెట్లూ, ఇప్పచెట్లూ, వెదురు పొదలూ అలాగే ఉన్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. పోచవరం రేవులో మా పేర్లు రాసుకున్నారు. లాంచీ దగ్గర ఒక కుర్రాడు అందరికీ లైఫ్ జాకెట్లు అందిస్తున్నాడు. మా పాపకు కాస్త వదులైనా పట్టీలు బిగిస్తే సరిపోయింది. మేనల్లుడికి వేస్తే మోకాళ్ళ దాకా వచ్చింది. చిన్నదానికి వేస్తే అందులో పిల్ల కనబడలేదు, జుట్టు పిలక ఒక్కటే కనబడింది! అందరూ నవ్వారు. నేను దాని భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని పైకి లేపి చూశాను. చెవులు దాటి పైకి వచ్చేసింది. అంటే ఏమిటన్నమాట? పిల్ల నీళ్ళలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్ల కిందికి జారిపోతుంది.

ఈ పరీక్ష నాకు చెప్పింది మా పెద్దమ్మ కొడుకు. విశాఖలో ఓడల మీద పని చేసి రిటైరయ్యాడు అన్నయ్య. సముద్రం మీద తిరిగే ప్రయాణికుల ఓడల్లో, మొత్తం ప్రయాణికుల్లో కనీసం పదోవంతు మందికి సరిపడా పిల్లల జాకెట్లు వేరుగా ఉండాలట. టైటానిక్ మునిగాక 1914లో దేశాలన్నీ కూర్చుని మొదలుపెట్టిన ఒప్పందమే అది, తర్వాత తర్వాత మారుతూ వచ్చింది. పెద్ద ఓడ బయలుదేరేటప్పుడే అందరినీ ఒకచోట నిలబెట్టి జాకెట్ ఎలా వేసుకోవాలో, ఆపద వస్తే ఎక్కడికి రావాలో చెబుతారట. "నదైనా సముద్రమైనా నీళ్ళు నీళ్ళేనమ్మా. జాకెట్ మనిషిని బట్టి ఉండాలి గానీ మనిషి జాకెట్‌ను బట్టి ఉండడు" అంటాడు అన్నయ్య.

"బాబూ, చిన్నపిల్లల జాకెట్లు ఇవ్వు" అన్నాను. "ఇవేనండీ ఉన్నయ్, తాడు బిగించి కడతాను" అన్నాడా కుర్రాడు. తాడు కడితే సరిపోదని చెప్పాను. ఈలోపు సగంమంది ఎక్కేశారు. పైన పాటలు మొదలయ్యాయి. వెనక నిలబడ్డవాళ్ళు "కానివ్వండమ్మా" అంటున్నారు. మావారు నా చెవి దగ్గరికొచ్చి, "నలుగురిలో గొడవెందుకు, నేను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాలే" అన్నారు. మరదలు మొహం చిన్నబోయింది. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆమె ఇల్లు కదిలింది లేదు. ఈ ప్రయాణం కోసం ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తోంది.

చూడండి, ఇక్కడే మన ఆడవాళ్ళం దెబ్బతింటాం. కూరగాయల బండి దగ్గర రూపాయికి పేచీ పెడతాం. చీరలకొట్లో పాతిక చీరలు తీయించి "నచ్చలేదు" అని లేచొస్తాం. నలుగురు మగవాళ్ళు తొందరపెడుతుంటే మాత్రం, న్యాయమైన మాటైనా సరే, నోట్లోంచి రాదు. ఏమనుకుంటారోనని మొహమాటం! అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దలు ఊరికే అన్నారా?

"చిన్న జాకెట్లు వచ్చేదాకా మేం ఎక్కం. టికెట్ డబ్బులు పోతే పోనీండి" అన్నాను. గొంతు కాస్త వణికిన మాట నిజమే. ఎవరో ఒకాయన పైనుంచి, "అంత భయముంటే ఇంట్లో కూర్చోవాలి" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా, జాకెట్ తొడుక్కుని కూర్చున్న ఒక పెద్దావిడ అందుకుంది. "భయం కాదయ్యా, బుద్ధి. నీ మనవరాలైతే ఎక్కించుకుంటావా?" అంది. ఆయన మరి మాట్లాడలేదు.

ఆ తర్వాత జరిగింది నేను అనుకోనిది. లాంచీలోంచి ఇంకో తల్లి దిగి వచ్చింది. "మా బాబుక్కూడా పెద్దదే ఇచ్చారండీ" అంది. ఆమె వెనకే మరొకావిడ. లెక్క చూస్తే చిన్నపిల్లలు ఏడుగురు తేలారు! అప్పుడు సరంగు కూడా పైనుంచి దిగొచ్చి, కుర్రాణ్ణి పక్క లాంచీల దగ్గరికి పంపాడు. అరగంటకు ఏడు చిన్న జాకెట్లు వచ్చాయి, కాళ్ళ మధ్య నుంచి పట్టీ వేసేవి. పిల్లలకు ఆ పట్టీ ముఖ్యం, జాకెట్ తలమీదుగా జారిపోకుండా పట్టి ఉంచుతుంది. అందరికీ వేసి, భుజాల దగ్గర లేపి చూసుకుని, అప్పుడు ఎక్కాం. అరగంట ఆలస్యమైంది, అంతే. పాపికొండలు ఎక్కడికీ పోలేదు!

నలుగురు పెద్దలం, ముగ్గురు పిల్లలం. ఎక్కగానే ఏర్పాటు చేసుకున్నాం. ఒక్కో పిల్లకు ఒక్కో పెద్ద. నాలుగో మనిషికి సంచులు. "అందరం చూస్తున్నాం" అనుకుంటే ఎవరూ చూడనట్టే లెక్క. "నువ్వు చూస్తున్నావనుకున్నా" అన్న మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినలేదు? ఫొటోలు తీయాలంటే పిల్లను ఇంకొకరికి చెప్పి, అప్పగించి మరీ తీశాం.

లాంచీ కదిలాక ఆ అందం ఏం చెప్పను! కొండలు రెండు వైపులా దగ్గరికి జరుగుతూ వస్తాయి. మైళ్ళ వెడల్పున పారే గోదారి తల్లి ఒద్దికగా వాటి మధ్య ఒదిగి వెళుతుంది. పిల్లలు మాత్రం గంటలో విసిగిపోయారు. పిల్లలకు దూరం నుంచి చూసే అందం ఆనదు. చేతికి తగలాలి, కాలికి తగలాలి. అందుకే లాంచీ ప్రయాణంలో వాళ్ళకు దక్కేది ఒడ్డున దిగే ఆ గంటే.

మా లాంచీ పేరంటాలపల్లిలో ఆగింది. అక్కడ బాలానందస్వామి స్థాపించిన రామకృష్ణ మునివాటం, శివాలయం ఉన్నాయి. మెట్లెక్కి వెళితే చెట్ల నీడ, కొండ మీంచి దిగివచ్చే సెలయేరు. చల్లని నీళ్ళు దోసిట్లో పట్టి పిల్లల మొహాలు కడిగితే, అప్పటిదాకా చిటపటలాడిన చిన్నది కిలకిలా నవ్వింది. అరగంట ఆకులేరుకున్నారు, రాళ్ళేరుకున్నారు. పాపికొండలు చూడమంటే ఆవులించిన మేనల్లుడు, ఒక చీమల బారు వెంట గుడి చుట్టూ తిరిగాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఒడ్డుకు రాగానే అందరూ జాకెట్లు విప్పి పడేస్తారు. లాంచీకీ ఒడ్డుకీ మధ్య వేసే చెక్క మీదే కదా కాలు జారేది? పిల్లలకు మెట్లెక్కాక విప్పండి, తిరిగి మెట్లు దిగేముందే వేయండి. ఇంకొకటి, గోదారి ఒడ్డున ఇసుక చూసి మోకాలి లోతే కదా అని పిల్లల్ని దింపకండి. నది ఇసుక సముద్రపు ఇసుకలా ఏటవాలుగా ఉండదు. రెండడుగులు వేసేసరికి గొయ్యి ఉండొచ్చు. నీళ్ళాట సెలయేటి దగ్గర చాలు.

ఆ ఊళ్ళో ఉండేది కొండరెడ్లు. వెదురుతో పూలు, బుట్టలు, బొమ్మలు అల్లి లాంచీ వాళ్ళకు అమ్ముతారు. వెదురు ముక్కను చాకుతో సన్నగా చీల్చి పువ్వులా విప్పుతుంటే మా పాప నోరు తెరుచుకుని చూసింది. మరదలు పది రూపాయలు తగ్గించమని బేరం మొదలుపెట్టింది. నేను చేయి నొక్కి ఆపాను. ఆ పువ్వు చేయడానికి ఎంతసేపు పట్టిందో కళ్ళారా చూశాం కదా!

ఆ అమ్మే ఆమెకు మా మేనల్లుడి ఈడు కొడుకున్నాడు. వాడు జాకెట్టూ లేదు, చెప్పులూ లేవు, ఒడ్డున కట్టేసిన నాటు పడవలోకి ఎక్కుతూ దిగుతూ ఆడుతున్నాడు. నాకు గుండె ఝల్లుమంది. "అమ్మా, పిల్లగాడికి నీళ్ళ భయం లేదా?" అని అడిగాను.

ఆమె చేతిలో పని ఆపకుండానే, "ఉంటది. మాకూ ఉంటది" అంది. కాసేపాగి, "మీరు సెలవున్నప్పుడు వస్తరు. మేము ఏరు ఊరుకున్నప్పుడు దిగుతం" అంది.

ఇంటికి వచ్చి ఇన్నాళ్ళైనా ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే కదూ? మన ప్రయాణాలన్నీ ఆఫీసు సెలవుల్ని బట్టి, స్కూలు సెలవుల్ని బట్టి. గోదారికి మన సెలవులతో పనేముంది? వాళ్ళు ఏరు రంగు చూసి, చప్పుడు విని, ఇవ్వాళ దిగాలా వద్దా అని తేల్చుకుంటారు. కచ్చులూరులో మునిగినప్పుడు నాటు పడవలు వేసుకుని ముందుగా పరిగెత్తింది కూడా ఒడ్డునున్న గిరిజనులే. ఏరు ఊరుకోనప్పుడు కూడా మన కోసం దిగారు వాళ్ళు.

వాళ్ళలా ఏరు చూసి చెప్పే విద్య మనకు రాదు. కానీ భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతుందో పేపర్లోనూ టీవీలోనూ వస్తుంది. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటి వచ్చింది. హెచ్చరిక దాకా రానక్కర్లేదు, వానాకాలం వరదలు పూర్తిగా తగ్గి, నీళ్ళు తేరుకునేదాకా పిల్లలతో ఆ మాటే తలపెట్టకండి. చలికాలం మంచిది. టికెట్లు కొన్నా సరే, ఆ రోజు గాలివాన ఉంటే మానుకోండి. డబ్బు మళ్ళీ వస్తుంది.

ఇంకో మాట కూడా. పోలవరం ప్రాజెక్టు పూర్తయి నిండుగా నీళ్ళు నిలిపితే ఈ ఒడ్డున చాలా ఊళ్ళు మునుగుతాయి. చాలామంది ఇప్పటికే ఊళ్ళు వదిలారు. ఇటు పొలాలకు నీళ్ళు కావాలి, అటు వాళ్ళకు ఊరు కావాలి. పెద్ద విషయాలు, నాబోటిది తేల్చేవి కావు. మన పిల్లలు ఆడుకున్న ఆ ఒడ్డు ఒకరి వాకిలి అని మాత్రం పిల్లలకు చెప్పాను. చిప్స్ కవర్లు అక్కడ పారేయనివ్వలేదు. మీరూ పారేయనివ్వకండి.

వంటింటి విషయం చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు! లాంచీలో టిఫినూ, భోజనమూ పెడతారు. కానీ చిన్నపిల్లలకు ఆ కారం పడదు. నేను తెల్లవారుజామునే దద్దోజనం చేసి పట్టుకెళ్ళాను. అన్నం మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక్క గరిటె మాత్రమే కలపండి. మధ్యాహ్నానికి పుల్లబడకుండా కమ్మగా తోడుకుని ఉంటుంది. పోపులో మిరపకాయ మానేసి అల్లం తురుము వేయండి. పెద్దవాళ్ళకు పులిహోర ఎలాగూ ఉండనే ఉంది. వ్యానులో కడుపులో తిప్పితే చప్పరించడానికి ఉప్పు రాసిన నిమ్మ బద్ద, కాచి చల్లార్చిన నీళ్ళ సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, ఒక్కొక్కరికి ఒక జత బట్టలు, తడి బట్టలకు ఒక సంచీ, ఇవి చాలు. అడవి ప్రాంతం కదా, దోమలుంటాయి. సాయంత్రానికి పిల్లలకు నిండు చేతుల చొక్కాలు, పొడుగు లాగులు తొడగండి. వచ్చిన రెండు మూడు వారాల్లోపు ఎవరికైనా చలిజ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, మలేరియా పరీక్ష చేస్తారు.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త ఆట వచ్చింది. దివాన్ మీద దిండ్లు పేర్చి మేనల్లుడు లాంచీ అంటాడు. ఎక్కబోయిన ప్రతివాళ్ళనూ ఆపి, భుజాలు పట్టి పైకి లేపి చూస్తాడు. నిన్న ఫోనులో మరదలు చెప్పింది, వాళ్ళ తాతయ్యను కూడా జాకెట్ లేదని ఎక్కనివ్వలేదట!

అక్కలూ, చెల్లెళ్ళూ! పిల్లల్ని నాలుగు గోడల మధ్య పెట్టి పెంచలేం. ఏరు చూడాలి, అడవి చూడాలి, ఆ కొండ మనుషుల్ని చూడాలి. అలాగని గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనకూడదు. లాంచీ ఎక్కేముందు మూడు ప్రశ్నలు అడగండి. నా పిల్లకు సరిపోయే జాకెట్ ఏది? ఈ లాంచీలో ఎంతమంది ఎక్కవచ్చు, ఎంతమంది ఎక్కారు? ఇవ్వాళ ఏరు ఎలా ఉంది? మీరు అడిగితే మీ వెనక ఇంకో తల్లి నోరు విప్పుతుంది. మా రేవులో ఏడు జాకెట్లు వచ్చింది అలాగే. జవాబు సరిగ్గా లేకపోతే నిక్షేపంగా వెనక్కి తిరిగి, పర్ణశాల చూసి రండి. మిమ్మల్ని చూసి ఎవరు నవ్వితే ఏం, పిల్లలు పక్కనే ఉన్నారు కదా!